పురిటిగుడ్డల తట్ట

పుస్తకం నరసాపురం చేరేనాటికి రాజమండ్రిలో దాన్ని చదవని ప్లీడరు లేడని చెప్పుకుంటున్నారు. మిషను ఆడపిల్లల స్కూలు హెడ్మాస్టరు జ్ఞానప్రకాశం గారు దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చి, సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక సంపూర్ణమ్మ చేతిలో పెట్టారు.

"మీ ఇంటి కథ అచ్చయిందమ్మా. అట్ట మీద కోట బొమ్మ కూడా వేశారు. మీ అమ్మమ్మ పెద్దింట్లమ్మ గారికి చదివి వినిపించండి, సంతోషిస్తారు."

సంపూర్ణమ్మ అట్ట చూసింది. 'వేములకోట విజయము. చారిత్రక నవల. గ్రంథకర్త సోమసుందరం పంతులు.' ఇరవై ఎనిమిదేళ్ల మనిషి, పెళ్లయిన రెండేళ్లకే భర్త కలరాలో పోతే మళ్లీ పలక పట్టి, ట్రైనింగు పరీక్ష ప్యాసై నాలుగో తరగతికి పాఠాలు చెబుతున్న పంతులమ్మ, ఆ అట్టను చిన్నపిల్లలా రెండుసార్లు చేత్తో తడిమింది. తన ఇంటి సంగతి అచ్చులో చూడటం ఆమెకు అదే మొదటిసారి.

ఆ పుస్తకం పుట్టడానికి కారణం సంపూర్ణమ్మే. రెండేళ్ల కిందట, పద్దెనిమిది వందల తొంభై అయిదులో, సోమసుందరం పంతులు గారు స్కూళ్ల ఇనస్పెక్టరు హోదాలో తనిఖీకి వచ్చారు. కుర్చీలో కూర్చుని పిల్లల్ని ఒక్కొక్కరినే లేపి, "మీ తాత పేరేంటి?" అని అడిగారు. చెప్పారు. "ముత్తాత పేరు?" అని అడిగారు. ఎవరూ చెప్పలేకపోయారు. ఆయన చిరునవ్వు నవ్వి పక్కనున్న హెడ్మాస్టరుతో, "వీళ్లకి చరిత్ర ఉండదండి. అందుకే చరిత్ర పాఠం ఎక్కదు," అన్నారు. తిట్టినట్టు కాదు, వర్షం కురుస్తోందని చెప్పినట్టు మామూలుగా అన్నారు. మాలపల్లి నుంచి వచ్చిన పాతికమంది పిల్లలు ఆ మాట విన్నారు.

సంపూర్ణమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. "నా ముత్తాత పేరు బుల్లియ్యండి. వేములకోట రాజుగారి కొడుకండి," అంది.

పంతులు గారు నవ్వుతారనుకుంది. ఆయన నవ్వలేదు. జేబులోంచి పెన్సిలు తీశారు.

ఆ తర్వాత రెండు మధ్యాహ్నాలు ఆయన వాళ్ల ఇంటికి వచ్చారు. స్కూలు నుంచి కుర్చీ మోయించుకొచ్చి చూరు కింద వేసుకుని కూర్చున్నారు. మంచినీళ్లు ముట్టుకోలేదు, అది ఎవరూ ఆశించనూ లేదు. పెద్దింట్లమ్మ అరుగు కింద గోనెపట్టా మీద కూర్చుంది. అప్పటికే ఎనభై దాటిన మనిషి. కళ్లకు పొర కమ్మింది గానీ నోటికి కమ్మలేదు. ఆయన "చెప్పమ్మా, నీ కథ వినడానికే వచ్చాను," అన్నారు. పంతులంతటివాడు తనను అమ్మా అన్నందుకు ఆమె కరిగిపోయి, కన్నబిడ్డలకు కూడా అంత వివరంగా చెప్పని కథ చెప్పింది.

"మా నాయనమ్మ పేరు పోలండి. వేములకోట కింద పల్లెలో మంత్రసాని. కోటలో ఎవరికి నెప్పులొచ్చినా దాన్నే పిలిచేవోరు. చిన్నరాణి నెప్పులు పడుతున్న పూటే రాజుగారిని ఆయన పినతండ్రి కొడుకులు వేటలో చంపేశారండి. మగబిడ్డ పుడితే ఉంచరని రాణికి తెలిసిపోయింది. మగబిడ్డే పుట్టాడు. ఆవిడ మెళ్లో గొలుసు తీసి బిడ్డ మొలకు చుట్టి, 'పోలీ, వీణ్ణి నీ కొడుకనుకో' అందంటండి.

"మా నాయనమ్మ ఆ గొలుసు విప్పేసి ఉయ్యాల్లో పడేసిందండి. బంగారం దొరికితే బిడ్డ దొరుకుతాడు కదండీ. పురిటిగుడ్డలన్నీ తట్టకెత్తుకుని, వాటి మధ్య బిడ్డను పెట్టుకుని కోట గుమ్మం మీదుగా నడిచొచ్చేసిందండి. నలుగురు కత్తులు పట్టుకుని నిలబడ్డారండి అక్కడ. పురిటి మైల, అందులోనూ మాలదాని నెత్తిన తట్ట. ముట్టుకుంటే తలస్నానం చెయ్యాలి. నలుగురూ నాలుగడుగులు వెనక్కి తప్పుకున్నారండి. మమ్మల్ని ముట్టుకోకూడదన్న మాటే ఆ బిడ్డను కాపాడింది."

పంతులు గారు ఆ మాట దగ్గర పెన్సిలు ఆపి, తలెత్తి ముసలమ్మ వంక చూడటం సంపూర్ణమ్మకు బాగా గుర్తు.

పోలి గోదావరి గట్టు పట్టుకుని దిగువకు నడిచి నరసాపురం చేరింది. బిడ్డకు బుల్లియ్య అని పేరు పెట్టుకుని, కూలికి పోయి పెంచింది. ఇరవయ్యేళ్లు వచ్చాక అతనికి సంగతి చెప్పి, "పోతావా?" అని అడిగింది. "ఎక్కడికే అమ్మా, రేపు ఊడ్పులు కదా," అన్నాడట అతను. చచ్చేదాకా పాలేరుగానే బతికాడు. పోలి మాత్రం నందన నామ సంవత్సరం కరువులో పోయింది. తన వంతు అంబలి మనవరాలికి పోసి, తాను తాగానని అబద్ధమాడి, మూడు వారాలకు పోయింది. ఆ అంబలి తాగిన మనవరాలే పెద్దింట్లమ్మ.

ఇదీ ఆయన విన్న కథ. ఇప్పుడు సంపూర్ణమ్మ లాంతరు కూడా అవసరం లేని సాయంత్రపు వెలుగులో, స్కూలు వరండా మెట్ల మీద కూర్చుని ఆయన రాసిన కథ చదవడం మొదలుపెట్టింది.

మొదటి అధ్యాయంలో కోట వర్ణన. రెండో అధ్యాయంలో రాణి సౌందర్యం. నాలుగో అధ్యాయంలో మంత్రసాని వచ్చింది. పేరు పోలి. పేరు మార్చలేదు. 'కాకివంటి నలుపు, గ్రద్దవంటి చూపు గల ఆ నీచురాలు' బిడ్డ మొలనున్న బంగారు గొలుసు చూసింది. గొలుసు కోసం బిడ్డను పురిటిగుడ్డల తట్టలో దాచి దొంగిలించి, శత్రువులకు అమ్మబోయింది. వృద్ధ మంత్రి గారి కుమారుడు గుర్రం మీద వెంటాడి బిడ్డను కాపాడాడు. గుర్రం కాలికింద పడి పోలి చచ్చింది. 'చచ్చియు పిడికిలి విప్పలేదు. అందు బంగారు గొలుసు మెఱయుచుండెను.' బిడ్డ మంత్రి గారింట పెరిగి, పద్దెనిమిదో అధ్యాయంలో పట్టాభిషిక్తుడయ్యాడు.

ఆమె పుస్తకం మూసింది. మళ్లీ తెరిచి ఆ పేజీ మళ్లీ చదివింది. తట్టను ఆయన కథలో ఉంచుకున్నాడు. పురిటిగుడ్డలు ఉంచుకున్నాడు. గుమ్మం దగ్గర తప్పుకున్న నలుగురినీ ఉంచుకున్నాడు. గొలుసు కూడా ఉంచుకున్నాడు, కాకపోతే ఉయ్యాల్లోంచి తీసి పోలి పిడికిట్లో పెట్టాడు.

ఇంటికి వెళ్లేసరికి పెద్దింట్లమ్మకు కబురు ముందే అందింది. "పుస్తకమొచ్చిందంటగా. చదువు," అంది.

"రేపు చదువుతానే అమ్మమ్మా."

"రేపటికి నేనుంటానో లేదో. చదువు."

చదివింది. నాలుగో అధ్యాయం దగ్గరకు వచ్చేసరికి ఉన్నది వదిలేసి, లేనిది తనే కల్పించి చదవబోయింది. ముసలమ్మ చెయ్యి ఎత్తింది.

"నీ గొంతు మారిందే. ఉన్నదున్నట్టు చదువు."

ఉన్నదున్నట్టు చదివింది. గుర్రం కాలి కింద పోలి చచ్చేదాకా చదివింది. పెద్దింట్లమ్మ పుస్తకం వైపు తల తిప్పి, "ఆయన నా ముందు కూర్చుని విన్నాడా, నిద్రపోయాడా?" అని అడిగింది.

"విన్నాడే. రాసుకున్నాడు కూడా."

"అమ్మా అని పిలిచాడే నన్ను."

సంపూర్ణమ్మ పుస్తకం టపీమని మూసింది. "చూశావా, మన రక్తం సంగతే లేదు. ఆ బిడ్డ మంత్రింట్లో పెరిగాడట, రాజయ్యాడట. మరి మనమెవరం? రాజుగారి సంతతి అన్న ఒక్క ముక్క కూడా లేకుండా తుడిచేశాడు," అంది.

పెద్దింట్లమ్మ ఆమె వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం సంపూర్ణమ్మ మీదే.

"రాజు మాట నాకెందుకే? రాజు మొహం నేను చూశానా? నేను రాజు మనవరాలినని ఎప్పుడైనా నీతో అన్నానా? పోలి మనవరాలినన్నాను. దాని పక్కలో పడుకుని పెరిగాను. దాని చేతులు ఎలా ఉండేవో నాకు తెలుసు. తన కడుపు మాడ్చుకుని నాకు అంబలి పోసిన ముసల్దాన్ని దొంగని రాశాడు, అది వదిలేసి రక్తమంటావేంటి? పోలి పాలు కుడిచి, పోలి కూలిడబ్బులతో పెరిగినవాడే మా నాన్న. అతని ఒంట్లో ఇంకేం రక్తముందని?"

సంపూర్ణమ్మ తల దించుకుంది. చిన్నప్పట్నించీ ఈ కథ విన్నప్పుడల్లా తను కోట చూసేది, రాణి చీర అంచు చూసేది. తట్ట మోసిన మనిషి ముఖం ఎలా ఉండేదని ఒక్కసారి కూడా అడగలేదు. తనిఖీ రోజు కూడా ఆ పంతులు గారి ముందు బుల్లియ్య పేరు, రాజు మాట చెప్పింది గానీ పోలి పేరు చెప్పలేదు. ఆ సిగ్గు కూడా కోపంలో కలిసిపోయింది.

గుడ్ ఫ్రైడే సెలవులకు చిన్నమామ వీరాస్వామిని తోడు తీసుకుని ఆమె రాజమండ్రి బయల్దేరింది. కాలువ పడవలో ఒక పగలూ ఒక రాత్రీ, విజ్జేశ్వరం లాకుల దగ్గర సగం పూట పడిగాపులు, ఆపైన గోదావరి దాటడం. దారి పొడుగునా వీరాస్వామి ఒకటే మాట. "ఆయన ఇనస్పెక్టరమ్మా. నీ ఉద్యోగం ఆయన కలం కింద ఉంది. దండం పెట్టి అడుగు, చాలు."

"దండం పెడతాను మామయ్యా. అడగాల్సింది మాత్రం అడుగుతాను."

పంతులు గారి ఇల్లు గోదావరి గట్టుకు దగ్గర్లోనే. ఆయన వరండాలో పడక కుర్చీలో ఉన్నారు. వీళ్లు మెట్లకు ఇవతల, వాకిట్లో నిలబడ్డారు. ఆయన గుర్తుపట్టి, నిజంగానే సంతోషించారు.

"రామ్మా, రా. పెద్దింట్లమ్మ కులాసాయేనా? పుస్తకం చేరిందా మీకు?"

"చేరిందండి. మా అమ్మమ్మ ఒక మాట అడిగి రమ్మందండి. తన నాయనమ్మ పోలి మీకేం అపకారం చేసిందని అడగమందండి."

ఆయన నవ్వు సగంలో ఆగింది. "అపకారమేముందమ్మా? అది నవల. చరిత్ర కాదు, కల్పన. నవలకి దుష్టపాత్ర ఒకటి ఉండాలి."

"రాజ్యం కోసం రాజుని చంపిన పినతండ్రి కొడుకులున్నారు కదండీ."

"వాళ్లు క్షత్రియులు. శత్రువులైనా వీరులు. అది వేరే ధర్మం." ఆయన ఓపిగ్గా, క్లాసులో పాఠం చెప్పినట్టు చెప్పారు. "నువ్వు చదువుకున్నదానివి, ఆలోచించు. రాజకుమారుడు మాలపల్లిలో అంబలి తాగి, అరకదున్ని, అక్కడే చచ్చిపోయాడని రాస్తే ఎవరు చదువుతారు? మంత్రసాని పైసా ఆశించకుండా ప్రాణానికి తెగించిందంటే ఎవరు నమ్ముతారు?"

"మీరు నమ్మారా అండి?"

ఆయన పడక కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నారు.

"నమ్మాను," అన్నారు చివరికి. "మీ అమ్మమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు."

సంపూర్ణమ్మ అంతదాకా బిగబట్టుకున్నది ఆ మాటతో తెగిపోయింది. ఆయన నమ్మలేదంటే ఊరుకునేదేమో. "నమ్మి కూడా దొంగని రాశారా అండి? తెలియక రాస్తే తప్పు. తెలిసి రాస్తే దాన్నేమంటారో మీరే చెప్పండి, పిల్లలకి నీతిపాఠం చెప్పేవారు కదా. కల్పనంటున్నారు. కల్పనైతే పేరు కూడా కల్పించుకోవలసింది. రాజు పేరు మార్చారు, రాణి పేరు మార్చారు, లేని మంత్రిగారిని, ఆయనకో కొడుకుని పుట్టించారు. పోలి పేరొక్కటే ఉన్నదున్నట్టు ఉంచారు. అది ఎవరికీ చెందని పేరనుకున్నారా అండి? ఆ పేరుకి మనుషులున్నారు. మీ వాకిట్లో నిలబడ్డారు."

వీరాస్వామి ఆమె కొంగు పట్టుకుని లాగాడు. పంతులు గారి ముఖం ఎర్రబడింది, కానీ గొంతు లేవలేదు.

"రెండో కూర్పు అచ్చులో ఉంది. ఆడపిల్లల స్కూళ్లకి నాలుగో తరగతి వాచకంగా కుదించి వేస్తున్నారు. పేరు కావాలంటే మార్చమని చెబుతాను. అంతకుమించి నా వల్ల కాదు. కథ పోతే పుస్తకం పోతుంది. మార్చమంటావా, వద్దా?"

మారిస్తే పోలి మీద నింద పోతుంది. పోలీ పోతుంది. ఆమె ఎటూ తేల్చుకోలేకపోయింది. "నా పేరు కాదండి అది. అమ్మమ్మని అడిగి ఉత్తరం రాస్తాను," అని దండం పెట్టి వెనుదిరిగింది.

పెద్దింట్లమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తీసెయ్యమను. మన ముసల్దానికి వాడింట్లో పనేంటి?" అంది.

జూన్‌లో స్కూలు తెరిచేసరికి కుదించిన పుస్తకాలు కట్టకట్టి వచ్చాయి. పోలి ఇప్పుడు చంచల అయింది. నలుపు అలాగే ఉంది, గద్ద చూపు అలాగే ఉంది, పిడికిట్లో గొలుసు అలాగే ఉంది. 'మాల మంత్రసాని' అన్న మాట కూడా అలాగే ఉంది. నాలుగో తరగతిలో ఉన్న పాతికమందిలో ఇరవై ఒక్కమంది మాలపల్లి పిల్లలు. అందులో ఆరుగురి తల్లులో, అమ్మమ్మలో మంత్రసానులు. వాళ్లే ఆ పేజీ గట్టిగా చదివి, పదాలకు అర్థాలు రాసి, 'నీచురాలు' అన్న మాటను సొంతవాక్యంలో ప్రయోగించాలి.

సంపూర్ణమ్మ ఆ పాఠం తెరిచి నిలబడింది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, "ఈ పాఠం నేను నోటితో చెబుతాను, వినండి," అంది. పెద్దింట్లమ్మ చెప్పినట్టే చెప్పింది. గొలుసు ఉయ్యాల్లో పడటం దగ్గర రూతు అనే పిల్ల, "బంగారం వదిలేసిందా అండీ?" అని నోరు తెరిచింది. ఆ పిల్ల అమ్మమ్మ కూడా మంత్రసానే.

సెప్టెంబరులో తనిఖీ. పంతులు గారు అదే కుర్చీలో కూర్చున్నారు. సంపూర్ణమ్మ వంక చూడకుండా పుస్తకం తిరగేసి, రూతును లేపారు.

"కోటలోంచి బిడ్డని ఎవరు దొంగిలించారు?"

"దొంగిలించలేదండి. తట్టలో పెట్టుకుని తీసుకుపోయి పెంచిందండి."

"ఎవరు?"

"పోలండి."

ఆయన పుస్తకం మూశారు. "చంచల కాదూ?"

"కాదండి. పోలండి. గొలుసు ఉయ్యాల్లో వదిలేసిందండి," అంది రూతు. వెనక బెంచీలోంచి ఇంకో పిల్ల లేచింది. "కాపలావాళ్లు నలుగురండి. మైలని తప్పుకున్నారండి." ఆపై ఎవరినీ లేపనక్కర్లేకపోయింది. ఒకరి మాట ఒకరు అందుకున్నారు. నరసాపురం దాకా నడవడం చెప్పారు, కూలి చెప్పారు, అంబలి చెప్పారు. పంతులు గారు చేత్తో ఆపమన్నట్టు సైగ చేశారు గానీ గొంతు పెంచలేదు. పాతికమంది పిల్లలూ కథ పూర్తయ్యేదాకా ఆపలేదు. ఆయన తల దించుకుని పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నారు. చివరికి లేచి హెడ్మాస్టరు గదిలోకి వెళ్లిపోయారు.

రిపోర్టులో 'ఉపాధ్యాయిని నిర్ణీత వాచకము ననుసరింపదు' అని ఒక్క వాక్యం ఉంది. మిషను దొరగారు ఆ వాక్యం చదివి జ్ఞానప్రకాశం గారిని పిలిపించారు. ఆయన మధ్యాహ్నం బడి విరామంలో చెమట తుడుచుకుంటూ సంపూర్ణమ్మ దగ్గరకు వచ్చారు.

"దొరగారు మంచివారమ్మా. పొరపాటైంది, ఇకమీదట వాచకం ప్రకారం చెబుతానని రెండు ముక్కలు రాసివ్వండి. లేకపోతే మొగల్తూరు పాకబడికి వెయ్యాలంటున్నారు. అక్కడ బల్లలు కూడా లేవు."

"నేను చెప్పింది పొరపాటా అండి?"

"పొరపాటని నేననడం లేదు. రాయమంటున్నాను."

"అదే కదండీ ఆయన చేసింది కూడా. నమ్మింది ఒకటి, రాసింది ఒకటి. నేను అది చెయ్యలేనండి."

జ్ఞానప్రకాశం గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "మీరు వెళ్లిపోతే నాలుగో తరగతి ఎవరు చెబుతారమ్మా," అని మాత్రం గొణిగారు. ఆ ప్రశ్న ఆమెకు గుచ్చుకుంది. ఆ పుస్తకం ఇంకెవరో తెరుస్తారు. ఆ వాక్యాలే చదివిస్తారు. రూతు చేత 'నీచురాలు' అని పలకమీద రాయిస్తారు. తను గెలిచిందేమీ లేదు.

మొగల్తూరుకు ఎడ్లబండి మీద సామాను వేసుకుని వెళ్లారు. పెద్దింట్లమ్మ వెనక కూర్చుని, బండి గుంతలో పడ్డప్పుడల్లా బండివాణ్ణి తిట్టింది. సంపూర్ణమ్మ ముఖం పక్కకు తిప్పుకుని కూర్చుంది. నరసాపురం పొలిమేర దాటాక ముసలమ్మ అడిగింది.

"ఇంకా కోపంగానే ఉన్నావా?"

"ఉన్నాను."

"ఉండు. నాకూ ఉంది. ఈ వయసులో ఒంటికి మంచిది కాదంటారు గానీ, పోనీలెమ్మంటే ఇంకా రాస్తారు."

మొగల్తూరు పాకబడిలో బల్లలు లేని మాట నిజమే. తాటాకు కప్పు ఒకవైపు కుంగిపోయి ఉంది. మొదటి రోజు పదకొండు మంది పిల్లలు వచ్చారు, పలకలున్నది ముగ్గురికే. సంపూర్ణమ్మ వాళ్లను ఇసుకలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరినే లేపి పేరు అడిగింది, తాత పేరు అడిగింది, నాయనమ్మ పేరు, ఆవిడ ఏం పని చేసేదో కూడా అడిగింది. చెప్పలేనివాళ్లను ఇంటికి పంపి, కనుక్కుని రమ్మంది.